మేనమామ తెచ్చే లాప్‌టాప్

తిరుత్తణి,
2025 జూలై 3, గురువారం.

చిరంజీవి తనుశ్రీకి నాన్న సుదర్శనం ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ మీ అమ్మ క్షేమం. మీ మామ దేవరాజులు మహా క్షేమం. నేను ఉన్నాను. కోయంబత్తూరులో నీ ఒంట్లో ఎలా ఉందో, హాస్టలు సాంబారులో పప్పు కనబడుతోందో లేదో, కాలేజీ చదువుతోబాటు ఆ ఇళ్ళ నమూనాలు గీసే కంపెనీలో నీ పని ఎలా సాగుతోందో తెలియజేయవలెను. నాకు తెలియజేయవలెను. నువ్వు మీ మామకు చెప్పి, ఆయన మీ అమ్మకు చెప్పి, మీ అమ్మ అన్నం వడ్డిస్తూ నాకు చెప్పే పద్ధతి ఇక చాలు.

ఫోనుండగా ఉత్తరమెందుకని అడుగుతావు. ఫోనులో మాట్లాడితే మీ అమ్మ చెవి నా భుజం మీదే ఉంటుంది. మెసేజి పెడదామంటే నా వేళ్ళు ఆ చిన్న గళ్ళలో పట్టవు. అదీగాక రేపు పొద్దున మీ మామ అరక్కోణంలో రైలెక్కి నీ దగ్గరికి వస్తున్నాడు, కొత్త లాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని. ఆ సంచి పక్క అరలోనే ఈ కాగితం పెడుతున్నాను. ఎవరి మీద రాస్తున్నానో వాళ్ళ చేతికే ఇస్తున్నాడేమిటి ఈ నాన్న అనుకోకు. మీ మామ తెలుగు గలగలా మాట్లాడతాడే గానీ ఒక్క అక్షరం చదవలేడు. పట్టాభిరాంలో తమిళ బడిలో చదువుకున్నవాడు, అక్కడే పెట్టిన సెల్‌ఫోన్ల అంగడి బోర్డు కూడా తమిళంలోనే రాయించుకున్నవాడు. మన వైపు తెలుగు అక్షరం కంటే గట్టి తాళం లేదు. దాని తాళంచెవి నీకు చిన్నప్పుడే ఒళ్ళో కూర్చోబెట్టుకుని నేను ఇచ్చాను.

ఇక విషయానికి వస్తాను. పాత లాప్‌టాప్ కంపెనీ పనికి చాలడం లేదనీ, తెర మీద ఇంటి బొమ్మ తిప్పితే నిలిచిపోతోందనీ, గ్రాఫిక్స్ కార్డు ఉన్న గేమింగ్ లాప్‌టాప్ కావాలనీ, అయితే కాలేజీకీ పనికీ మోసుకు తిరగాలి గనక పల్చగా ఉండాలనీ నువ్వు ఎవరికి ఫోను చేశావు? మీ మామకు. ఇంట్లో ముప్పై ఏళ్ళ సర్వీసున్న అయ్యవారు ఒకడున్నాడే, పొదటూరుపేట బడిలో పిల్లలందరికీ సందేహాలు తీర్చేవాడు, వాణ్ణి అడుగుదామని నీకు తోచనే లేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా!

నాకు అసూయగా ఉంది తనూ. దాచను. తెలుగు అయ్యవారికి కడుపు మండకూడదని ఏ వ్యాకరణంలోనూ లేదు.

ఇది ఈనాటి మంట కూడా కాదు. నీకు ఈ కొండ మీద గుళ్ళోనే చెవులు కుట్టించాము. ఆచారం ప్రకారం నువ్వు కూర్చోవలసింది మేనమామ ఒళ్ళో. కన్నవాణ్ణి నేను, పక్కన కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డాను. ఆ ఫోటో మన హాల్లో ఉంది, చూడు. నువ్వున్నావు, మామ ఉన్నాడు, చెవులు కుట్టే ఆచారి ఉన్నాడు, నా మోచెయ్యి ఉంది. నువ్వు పెద్దమనిషివైనప్పుడు మీ మామ మేళంతో సీరు, అదే సారె, తెచ్చాడు. పట్టుచీరా, పళ్ళూ, గాజులూ, పళ్ళేల వరస వీధి మలుపు దాకా సాగింది. ఊరంతా మేనమామంటే ఇట్లుండాల అన్నారు. నేను వచ్చినవాళ్ళకు కుర్చీలు వేశాను.

ఇప్పుడు లాప్‌టాప్ కూడా సీరేనట! మేనకోడలు చదువుకుంటా పనికి పోతా ఉండాది, దీన్ని నేనే సీరుగా పెట్టాల, మీరు మధ్యలో నోరెత్తొద్దు బావా అని ఇంటికొచ్చి చెప్పాడు. అప్పడాలూ అరటిపళ్ళూ సీరు పెట్టడం విన్నాను గానీ గ్రాఫిక్స్ కార్డు సీరు పెట్టడం ఏ శాస్త్రమయ్యా అన్నాను. మీ అమ్మ వంటింట్లోంచే, మా తమ్ముడు ఆశగా పెడతా ఉంటే మీకు యాడ నొస్తా ఉండాది అంది. ఎక్కడ నొస్తోందో చెప్పుకోలేని చోట నొచ్చింది.

ఊరుకోలేదు. బడినుంచి రాగానే వీడియోలు చూడడం మొదలుపెట్టాను. మీ అమ్మ సీరియలు మానుకుని నన్ను చూసింది. తెలుసుకున్నది ఇంత. పేరు ఒకటే అయినా కార్డు బలం అన్ని లాప్‌టాపుల్లో ఒకటి కాదు. ఒళ్ళు మరీ పల్చనైతే వేడి పోవడానికి దారి ఉండదు, అందుకని కంపెనీవాళ్ళే కార్డుకు కరెంటు తగ్గించి ఇస్తారు. చాలా పల్చని వాటిలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, రేపు పని పెరిగితే ఇంకొంచెం వేసుకోవడానికి లేదు. ఇవన్నీ మీ మామతో చెప్పబోతే, సుమ్మా ఊరుకోండి బావా, నేను దినమూ ఇదే పన్లో ఉండేవాణ్ణి అన్నాడు. ఆయన అమ్మేది ఫోన్లకు వేసే తొడుగులు.

ఆదివారం ముగ్గురమూ లోకల్ బండిలో తిరువళ్ళూరు వెళ్ళాము. అంగట్లో జెనిఫర్ అని మన తెలుగు పిల్లే, చురుకైనది. మీ మామను రాండి అన్నా అంది. నన్ను మాత్రం తాతా, ఫ్యాను కింద కూర్చోండి అంది. మీ మామకూ నాకూ నాలుగేళ్ళే తేడా. ఆయన జుట్టుకు రంగు వేస్తాడు, నేను వేయను. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే.

ఆ పిల్ల రెండు తీసి ముందు పెట్టింది. ఒకటి చాలా పల్చన. లోహపు ఒళ్ళు, మూత తీస్తే అక్షరాల కింద ఏడు రంగుల లైట్లు. మీ మామ దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, అక్కా, ఇది చూడు, పలక మాదిరి ఉండాది అన్నాడు. మీ అమ్మ మురిసిపోయింది. రెండోది మరీ లావేమీ కాదు, ఒక వేలి మందం ఎక్కువ, చేతికి కాస్త బరువు, చార్జరు మాత్రం ఇటుకంత. కానీ వెనకా పక్కలా గాలి పోవడానికి సందులున్నాయి. ర్యామ్ వేసుకోవడానికి ఖాళీ ఉంది. స్క్రీను కూడా పెద్దది, నీ ఇళ్ళ గదులు సుఖంగా పడతాయి. లైట్లు ఆర్పేస్తే ఆఫీసులో ఎవరికీ గేములాడేదని తెలియదు. జెనిఫర్‌ను అడిగితే, కార్డు పేరు రెండింట్లో ఒకటే తాతా, పని మాత్రం దీంట్లోనే బాగా చేస్తాది అని ఒప్పుకుంది. తాతా అన్నందుకు ఆ ఒక్క క్షణం క్షమించాను.

అప్పుడు నేను చేసిన పనికి మీ అమ్మ ఇంకా నాతో సరిగ్గా మాట్లాడడం లేదు. పల్చనిదాన్ని ఒళ్ళో పెట్టమన్నాను. అందులో ఏదైనా పెద్ద గేము ఆడించమన్నాను. కుర్చీలో పంచె సర్దుకుని కూర్చున్నాను. పిల్ల చదువుకునేది హాస్టలు మంచం మీద, బస్సులో, మెట్ల మీద. అక్కడ ఒళ్ళో పెట్టుకోక ఏం చేస్తుంది? కాసేపటికి ఫ్యాను మిక్సీలా అరిచింది. ఇంకాసేపటికి నా పంచె ఇస్త్రీ అయింది. జెనిఫరే బెదిరి, తాతా ఇయ్యండి అని లాక్కుంది. రెండోదాన్నీ అట్లాగే చూశాను, గోరువెచ్చగా ఉందంతే. నేను గెలిచాననుకున్నాను. మీ మామ అందరికీ వినబడేటట్టు, బావా, పాప ఆడ గీసేది ఇండ్ల బొమ్మలు, తొడ మీద దోసె పోసుకోదు గదా అన్నాడు. అంగడంతా నవ్వింది. మీ అమ్మ కూడా నవ్వింది తనూ, కొంగు నోట్లో కుక్కుకుని. లాప్‌టాప్ వేడి కంటే అది ఎక్కువ కాలింది నాకు.

పల్చనిదే కొన్నారు. మీ మామ నీకు కావలసినవన్నీ ఎక్కించి తెస్తానని దాన్ని పట్టాభిరాం తీసుకుపోయాడు. నిన్న మళ్ళీ వచ్చాడు, సంచి జిప్పుకు చిన్న తాళం వేసి. ఒకసారి చూపించు అంటే, దిష్టి తగుల్తాది బావా, పాపే ముందు తెరవాల అన్నాడు. ఆ దర్జా చూడు! కొండమీద పూజ చేయించాలన్నాడు. నేను మోస్తానంటే సంచి ఇవ్వలేదు. మెట్లెక్కుతుంటే అడుగడుక్కీ ఆయాసపడ్డాడు, పలకంత పల్చనిది మోసేవాడికి ఆ రొప్పు ఎందుకో అర్థం కాలేదు. ఒళ్ళు పెరిగిందిలే అనుకుని లోలోపల సంతోషించాను. స్వామి ముందు సంచి ఆయన చేతుల్లో ఉంది. అయ్యరు గంధం, కుంకుమ దానికి పెట్టి, హారతి దానికి చూపించాడు. నా చేతికి మళ్ళీ కొబ్బరికాయే వచ్చింది.

అందుకని ఇప్పుడు చెప్పేది శ్రద్ధగా చదువు. మామ సంచి ఇవ్వగానే నవ్వుతూ తీసుకో. కాళ్ళకు దండం పెట్టు, పెద్దవాడు. ఆయన తిరుగు రైలెక్కి వచ్చేశాక ఫోను చేసి, ఇది బాగా వేడెక్కుతోంది, కాలేజీలో సారు వద్దన్నాడు అని చెప్పు. నా పేరెత్తకు. బిల్లు మీద చూశాను, పదిహేను రోజుల్లోపల అయితే అంగడివాళ్ళు మార్చి ఇస్తారు. నాన్న ఎంచిందని అనకుండా ఆ రెండోది కావాలని అడుగు. అబద్ధం చెప్పమంటున్నావా నాన్నా అంటావేమో. పిల్లలకు నీతి పద్యాలు చెప్పే నోటితోనే చెబుతున్నాను, అవును, చెప్పు. ఈ ఒక్కటీ చెప్పు.

ఎందుకంటే నువ్వు ఆదివారం ఫోను చేస్తే మీ మామతో నవ్వులూ కబుర్లూ, నాతో తిన్నావా నాన్నా, సరే పెట్టేస్తా. నీ చెవులకున్నది మామ పెట్టిన కమ్మలు, పండక్కి కట్టేది మామ తెచ్చిన చీర. నేను నీకేమీ ఇవ్వలేదా అని కూర్చుని ఆలోచిస్తే ఫీజులూ, మందులూ, బస్సు పాసులూ తప్ప ఏదీ గుర్తుకు రాలేదు. అవి ఎవరికీ కనబడవు. రోజూ నీ చేతికింద ఉండే వస్తువు ఒక్కటైనా నాన్న ఎంచింది కావాలి. అంతే నా కోరిక. అది పల్చనైనా లావైనా ఒకటే అని ఇప్పుడనిపిస్తోంది గానీ, నేను ఎంచింది లావుది, ఏం చేయను?

జవాబు రాయి. ఫోను చేస్తే మీ అమ్మ స్నానానికి వెళ్ళే వేళ చూసి చెయ్యి.

ఇట్లు,
కొబ్బరికాయ పట్టుకునే మీ నాన్న,
సుదర్శనం.

తా.క. పాపా, ఇది మీ నాయన రాస్తా ఉండేది కాదు, మామ రాస్తా ఉండేది. బండి జోలార్‌పేట దాటింది. టికెట్టు పెడదామని పక్క అరలో చెయ్యి పెడితే ఈ కాగితం తగిలింది. వారంటీ పేపరేమో అనుకొని ఇప్పినా. మీ నాయన తాళం గట్టిదే, ఫోను కెమెరా చూపిస్తే మాత్రం ఇప్పుడు ఏ భాషైనా తమిళంలో వచ్చేస్తాది. అయ్యోరి చేతిరాత గదా, గుండ్రంగా ఉండాది, ఫోను యాడా తడబడలేదు. మొదుట్లో నవ్వినా. ఆమీద నవ్వు రాలేదు. ఇప్పుడు నోటితో చెప్తా ఉంటే ఫోను తెలుగులో చూపిస్తా ఉండాది, నేను ముగ్గేసినట్టు చూసి వేస్తా ఉండా. వంకర పోయుంటే సర్దుకో.

మీ నాయన చెప్పినాడని దీన్ని తిరిగి ఇచ్చేస్తావేమో, ఇయ్యొద్దు! సంచిలో ఉండేది ఆయన ఏరిందే. అంగట్లో అందరినీ నవ్వించినా గానీ, ఇంటికి పోయినాక మనసొప్పక ఆ పల్చందాన్ని నేనూ ఒళ్ళో పెట్టుకొని చూసినా. తొడ కాలింది. మంగళవారం అంగడికి పోయి మార్చుకోనొచ్చినా. ఆ జెనిఫర్, తాత చెప్పింది అప్పుడే వినుంటే ఒక రైలు టికెట్టు మిగిలేది గదన్నా అనింది. అక్కకూ చెప్పలేదు, బావకూ చెప్పలేదు. సీరు నాది, ఎంపిక ఆయనది అని నలుగురిలో చెప్పేదానికి నాకు నోరు రాలేదు. అందుకే జిప్పుకు తాళం. అందుకే మెట్ల మీద ఆ ఆయాసం, దాని చార్జరు నిజంగానే ఇటుకంత ఉండాది.

ఇంకొకటి. చెవులు కుట్టినప్పుడు నువ్వు నా ఒళ్ళో ఉన్నింది ఒక చెవికే. రెండో చెవి కుట్టకముందే ఏడ్చి, నా చొక్కా వదిలేసి, మీ నాయన దిక్కు చేతులు చాపినావు. ఆయన కొబ్బరికాయ కింద పడేసి నీకోసం చాపిన చెయ్యే ఆ ఫోటోలో ఉండే మోచెయ్యి. ఆయన మరిచిపోయినాడు. నేను మరిచిపోలేదు. నాకు ఆడబిడ్డ లేదు పాపా. కడుపుమంట తన ఒక్కడికే ఉండాదని అనుకుంటా ఉండాడు మా బావ.

ఇది చదవంగానే ఆయనకు ఫోన్ చెయ్. నాకు తర్వాత చేద్దువు.