ఇంట్లో పట్టని లెన్సు

ఫిబ్రవరి 2003, శనివారం

విమానాల ఫొటోలు తీయడానికి ఎట్టకేలకు కెమెరా కొన్నాను. బళేపేట దగ్గరి షాపులో నా బడ్జెట్‌కి రెండే తేలాయి. ఒకటి చిన్న డిజిటల్, ఇంకొకటి పొడుగాటి లెన్సున్న పాత ఫిల్మ్ కెమెరా. పాప ఫొటోలకు పనికొస్తుందని మా ఆవిడ సునీత డిజిటలే తెమ్మంది. సరే, షాపు గుమ్మంలో నిలబడి పోతున్న ఆటోని దాంతో తీశాను. బటన్ నొక్కిన కాసేపటికి గానీ అది క్లిక్కుమనలేదు, తెర మీద ఖాళీ రోడ్డు వచ్చింది.

షాపాయన నవ్వాడు. "ఆటోనే తప్పించుకునిందే, ఇంక విమానం నీకోసరం నిలబడతాదా అప్పా?"

దాంతో పాతదే తీసుకున్నాను. మా డాబా మీదుగా దిగే విమానాల చక్రాలు కూడా ఇందులో నిండుగా కనిపిస్తాయి. కానీ దీనికున్నది ఆ ఒక్క లెన్సే.

ఇంటికి రాగానే పాప చర్చికని కుట్టించిన కొత్త గౌను వేసుకుని ఎదురుగా నిలబడింది. లెన్సులో అంతా మసక. వెనక్కి జరిగి, జరిగి, గుమ్మం దాటి మెట్ల మీదికి వెళ్ళాను. అప్పటికీ ముఖం ఒక్కటే పట్టింది. గౌను లేదు.

సునీత నైట్ డ్యూటీకి బయల్దేరుతూ చూసింది. "మీ ఫొటోలో పడాలంటే మేమూ ఎగరాల్నా?"

నవ్వుతూనే అంది. కానీ వెళ్ళేటప్పుడు రోజూలా గేటు దగ్గర ఆగి చెయ్యి ఊపలేదు.

రేపు చర్చి నుంచి రాగానే పాపను డాబా ఆ చివర నిలబెట్టి చూడాలి. గౌను అంచు దాకా పడితే లెన్సు ఉంటుంది. పడకపోతే తిరిగిచ్చేస్తాను.

సరిగ్గా అప్పుడే విమానం దిగితే మాత్రం, లెన్సు ఎటు తిరుగుతుందో నాకే తెలియదు.