సిద్ధమ్మ దయ్యం కాదు

పుంగనూరు,
6 ఆగస్టు 2007

మా అమ్మను మీరు దయ్యం చేశారు.

మొన్న శనివారం మీ టీవీ కార్యక్రమం 'నీడల వేట'లో మా నందిని జాయ్‌ల్యాండ్ పార్కులోని దయ్యాల గుహ చూపించారు. అందులో ముక్కుకు గుడ్డ కట్టుకుని తెల్లగా పరిగెత్తిన ఆకారం నా కన్నతల్లి సిద్ధమ్మ. ఆ తెలుపు సున్నం పొడి. పట్టుపురుగులున్న చోటికి ఎవరైనా సున్నంలో కాలు పెట్టే పోవాలి, పురుగుకు రోగం తగలకుండా. మీరు ఎర్ర గీత గీసి చూపించిన 'ఆత్మ పాదముద్రలు' అవే. 'వేల ఆత్మల గుసగుసలు' అని మైకు పెట్టి వినిపించింది పురుగులు మల్బరీ ఆకు తినే చప్పుడు.

గాలికి మా పురుగుల షెడ్డు రేకులు ఎగిరిపోయాయి. గుహ చీకటిగా, చల్లగా ఉంటుంది. రిపేరుకని మూసి కూడా ఉంది. నేను జెయింట్ వీల్ మోటారు బాగు చేయించడానికి కుప్పంలో ఉన్న మూడు వారాల్లో అమ్మ తాళంచెవి తీసుకుని పురుగుల తట్టలు అక్కడికి మార్చింది. ఓనరుకూ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. అది మా తప్పే, సిగ్గుగానే ఉంది. మిమ్మల్ని చూసి ఓనరు మనుషులనుకుని పరిగెత్తింది.

మీ మంత్రగాడి సాంబ్రాణి పొగకు సగం పురుగులు చచ్చాయి. ఆకు ఇచ్చే చౌడమ్మ, "ఎండలో నిలబడు సిద్ధమ్మా, నీడ పడతాదో లేదో సూసి ఇస్తా" అందట. అప్పటినుంచి అమ్మ గడప దాటడం లేదు. ఆమె దయ్యం కాదని టీవీలో చెప్పండి.

ఇట్లు,
వెంకటముని, జెయింట్ వీల్ ఆపరేటర్
(పదో తరగతి తప్పాను. మిగతాది సొంతంగా చదువుకున్నాను.)

తా.క.: సాయంత్రం ఐదున్నరకు తీసి 'అర్ధరాత్రి' అని వేశారు. మా పార్కు డైనోసార్ బొమ్మ మీరు చెప్పినట్టు శాపం వల్ల కుంచించుకుపోలేదు. సిమెంటు చాలక దానికి పొట్టి పుంగనూరు ఆవు కాళ్ళు పెట్టారు.

హైదరాబాదు,
13 ఆగస్టు

శ్రీ వెంకటముని గారికి నమస్కారములు.

మీ ఉత్తరం చదివి మా యూనిట్ అంతా కంటతడి పెట్టింది. కన్నతల్లి ఆత్మను టీవీలో గుర్తుపట్టిన కొడుకు మా కార్యక్రమంలో మీరే మొదటివారు. పురుగుల మీద మమకారంతో ఆమె ఇంకా అక్కడే తిరుగుతున్నారన్నమాట. రెండో భాగం తీయదలిచాం. ఆమె ఏ తేదీన కాలం చేశారో తెలుపుతూ, దండ వేసిన ఫొటో ఒకటి పంపగలరు.

భవదీయుడు,
హరీష్, నిర్మాత

తా.క.: పిలవని చోటికి మేము వెళ్ళం. మీ యజమాని గంగులయ్య గారు 'మా పార్కులో దయ్యముంది, దయచేసి రండి' అని రాసిన ఉత్తరం మా ఫైల్లో ఉంది.

పుంగనూరు,
17 ఆగస్టు

హరీష్ గారూ,

అమ్మ బతికే ఉంది. నేనిది రాస్తుంటే పక్కన కూచుని చెనక్కాయలు వలుస్తోంది. మీ ఉత్తరం చదివి వినిపిస్తే, "దండ యాల అడగతాండారప్పా, సన్మానమా?" అంది. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

మదనపల్లె నుంచి, పలమనేరు నుంచి దయ్యాన్ని చూడటానికి జనం జీపుల్లో దిగుతున్నారు. గంగులయ్య ఇంటికే వచ్చి, "సిద్ధమ్మా, దినామూ సాయంత్రం ఒక గంట ఆడ తిరిగి పో. మాట్లాడొద్దు, అంతే" అన్నాడు.

"నేను పురుగులు మేపేదాన్నప్పా, మనుషుల్ని బెదిరించేదాన్ని కాదు" అని అమ్మ లోపలికి పోయి తలుపు వేసుకుంది. నా ఎదురుగా జరిగింది. 

ఇట్లు,
బతికున్న సిద్ధమ్మ కొడుకు వెంకటముని

తా.క.: ఆ పాత ఉత్తరంతో మీకేం పని? చించేయండి. పాత కాగితాలుంటే ఫైళ్ళకు చెదలు పడతాయి.

హైదరాబాదు,
22 ఆగస్టు

మిత్రులు వెంకటముని గారికి,

చెదలు పట్టలేదు. ఆ ఉత్తరం కవరుతో సహా పంపుతున్నాను. మీ ఉత్తరాల్లో ఉన్న అదే ఆకుపచ్చ సిరా, అదే చేతిరాత. కింద ఒక తా.క. కూడా ఉంది: 'దయ్యం ఆడది. సాయంత్రం పూట తిరుగుతుంది.' ఇప్పుడు టీవీలో ఏం చెప్పమంటారు?

ఉంటాను,
హరీష్

తా.క.: కవరు మీద తెల్లటి వేలిముద్ర ఒకటుంది. మా మంత్రగాడు అది చూసే బయల్దేరాడు.

పుంగనూరు,
27 ఆగస్టు

మా అమ్మను దయ్యం చేసింది నేను.

వీల్ ఆగిపోయి జనం రాక పార్కు మూసేస్తారని, గంగులయ్య పేరుతో ఆ ఉత్తరం రాశాను. ఆడ దయ్యమైతే ఎక్కువమంది వస్తారనుకున్నాను. గుహ ఖాళీగానే ఉంటుందనుకున్నాను. నన్ను నేను తిట్టుకోవడం చేతకాక మూడు వారాలు మిమ్మల్ని తిట్టాను.

గంగులయ్యకు చెప్పేశాను. "నా సంతకం నాకన్నా బాగా పెట్టినావు కదరా" అని, సోమవారం నుంచి పనికి రావద్దన్నాడు.

తర్వాత అమ్మకు చెప్పాను. ఆమెకు చదువు రాదు. కవరు తిప్పి చూసి, తెల్ల మచ్చ మీద తన బొటనవేలు పెట్టింది. సరిపోయింది.

"నువ్వు కుప్పం బస్సెక్కేటప్పుడు పోస్టు డబ్బాలో ఎయ్యమని ఇచ్చిండే కవరు కదరా ఇది? సున్నం చెయ్యి కడుక్కోకుండానే పొయ్యి ఏసొచ్చినా."

తనను దయ్యం చేసే ఉత్తరాన్ని తనే మోసుకుపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. "చౌడమ్మకు ఎవురు చెప్తారు?" అని మాత్రం అడిగింది.

నేను పోయి చెప్పాను. దయ్యం కొడుకు మాట నమ్మనంది. టీవీలో చెబితే నమ్ముతుందట.

అందుకే ఆ ఉత్తరం మీకే తిప్పి పంపుతున్నాను. సెప్టెంబరు 8 శనివారం దాన్ని చూపించి, రాసింది వెంకటముని అని చదవండి. ఆమె పేరు సిద్ధమ్మ, పట్టుపురుగులు పెంచుతుంది, బతికి ఉంది అని చెప్పండి.

తలదించుకుని,
వెంకటముని

తా.క.: అమ్మను మళ్ళీ తీయాలంటే పగలు రండి. సెంటు పూసుకోవద్దు, సాంబ్రాణి తేవద్దు, సున్నంలో కాలు పెట్టి లోపలికి రండి. చెబుతారో చెప్పరో సెప్టెంబరు 5 లోపల జవాబు రాయాలి. దండ మాట ఎత్తకుండా రాయాలి.