అంచు మీద గుర్తు

శాంతి నగర్, భివండీ
ఏప్రిల్ 6

ప్రియమైన మాలతీ,

కవరు బరువు చూసి తిట్టుకోకు. 'అవతలి గ్రహం' నాలుగో సంచిక కథలు ఇరవై రెండు పేజీలు పంపుతున్నాను, అన్నీ నీ చేత్తో మళ్ళీ రాయాల్సినవే. నువ్వు సిరిసిల్ల వెళ్ళిపోయి ఏడాదైనా మన పత్రిక ఇంకా నీ దస్తూరీ మీదే బతుకుతోంది. నాది మరాఠీ బడి చదువు. నా తెలుగు అక్షరాలు జిరాక్సు తీస్తే కోడి కెలికినట్టు ఉంటాయి. ఉత్తరాలైనా పుస్తకాల తెలుగులో రాయాలని నువ్వు పెట్టిన షరతు మాత్రం చూశావా, ఎంత బుద్ధిగా పాటిస్తున్నానో!

పూర్ణ ఊళ్ళోని గోదాములో నాతో పాటు పార్సిళ్ళు స్కాన్ చేసే వైభవ్ ఈసారి చంద్రుడి మీద నీళ్ళ ట్యాంకర్ కథ ఇచ్చాడు. అక్కడా బిందెల లైనే, అక్కడా జుట్టు పట్టుకోవడమే. నవ్వలేక చచ్చాను.

అసలు సంగతి ఇది. పోయిన సోమవారం నా టిఫిన్ సంచీలో నాలుగు మట్టిరంగు కాగితాలు కనిపించాయి, నూలు కోన్లకు చుట్టి వచ్చే కాగితాలు. వాటి వెనక పెన్సిలుతో ఒక కథ, పేరు 'గాలి కోత'. రాసిన వాళ్ళ పేరు లేదు. అంగారకుడి మీద సాంచల కార్ఖానా, పుస్తకాల తెలుగులో అయితే మరమగ్గాలు. గాలికి పోగులు తెగుతాయని కిటికీ ఒక్కటీ తెరవరు. ఒక పోగు తెగితే నేసేవాడి వంతు గాలిలో ఒక గుక్క కోస్తారు. ఎవరు ఎంత గాలి పీల్చారో లెక్కపెట్టే మీటరు ఉంటుంది. ఒకరోజు అందరూ ఒకే లయలో ఊపిరి తీయడం మొదలుపెడతారు. మీటరుకు వందమందీ ఒక్క మనిషిలాగే వినిపిస్తారు. ఇక ఎవరి గాలి కోయాలో దానికి తెలియదు.

ఇంట్లో మా అమ్మానాన్నలకు, అంటే అవ్వకూ బాపుకూ, చదివి వినిపించాను. నేను తడబడ్డ చోటల్లా అవ్వ రొట్టెలు చేస్తూ పొయ్యి దగ్గర నుంచే దిద్దింది. బాపు కంచం పక్కన పెట్టాడు. తర్వాత, "గిది మా కార్ఖాన ముచ్చటనే గదనే" అన్నాడు. బాపు పక్క సాంచల మీద పనిచేసే నర్సింగన్న రాసి ఉంటాడని నా అనుమానం. అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

ఈ కథకే అట్ట బొమ్మ వేయి. తొందరగా పంపకపోతే నీ ఇంటికొచ్చి కూర్చుంటాను.

నీ తలనొప్పి,
కళ


సిరిసిల్ల
ఏప్రిల్ 15

ప్రియమైన ఎడిటరమ్మా,

నీ ఇరవై రెండు పేజీలూ రాసేసరికి నా వేలికి కాయ కాసింది. మా అమ్మ, "గీ పిచ్చిరాతలకు ఏమన్న ఇస్తరా?" అని అడిగింది. ఇవ్వరు, పైగా స్టాంపులు మనవే అన్నాను. ఆ తర్వాత ఆమె ముఖం నువ్వు చూడాల్సింది.

'గాలి కోత' నాలుగుసార్లు చదివాను కళా. ఆ రాసిన మనిషికి కార్ఖానా లోపలి వేడి తెలుసు. నాకు మన చిన్నప్పుడు గుర్తొచ్చింది. ఇద్దరం మీ బాపు కనుకయ్య మామకు సద్ది పట్టుకుని వెళ్ళి, ఆ చప్పుళ్ళో చెవులు మూసుకుని గుమ్మంలో నిలబడేవాళ్ళం కదా.

బొమ్మ ఇందులో పెట్టాను. పైన గాజు గోపురం, చుట్టూ ఎర్ర దుమ్ము, మధ్యలో సాంచ, దాని మీది నుంచి కిందికి జారుతున్న బట్ట. ఉత్త బట్ట మరీ బోసిగా ఉందని అంచున ఒక గుర్తు వేశాను: త్రికోణం, దాని లోపల రెండు చుక్కలు. చేయి దానంతట అదే గీసింది. చాలా బాగా కుదిరింది, నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఒక మాట విను. ఈ సంచిక కార్ఖానా దగ్గర మాత్రం పంచకు. నువ్వు వినవని తెలుసు, అయినా చెబుతున్నాను.

కాయ కాసిన వేలితో,
నీ మాలతి


శాంతి నగర్
మే 3

మాలతీ,

'ప్రియమైన' అని రాయడానికి ఇవాళ చేయి రావడం లేదు.

అంజూర్ ఫాటాలో యాభై కాపీలు జిరాక్సు తీయించాను. సాంచ దారంతో నేనే కుట్టాను. ఐదు కాపీలు కార్ఖానా ముందరి చాయ్ బడ్డీలో, అదే టపరీలో, పెట్టాను. అవును, నువ్వు వద్దన్న చోటే పెట్టాను. బట్ట తనిఖీ చేసే మెహతా, అదే గుమాస్తా, అంకుశం చాయ్ తాగుతూ ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. లోపల కథ చదవలేదు. అట్ట చూశాడు, అంతే.

ఒకే సాంచ మీద పగటి పాళీ ఒకరు, రాత్రి పాళీ ఇంకొకరు నేస్తారు. దిగిపోయేటప్పుడు తమ నేత ఎక్కడ ఆగిందో అంచున సుద్దతో గుర్తు పెట్టి పోతారు. తప్పు దొరికితే మెహతా ఆ గుర్తు చూసి కూలి కోస్తాడు. త్రికోణం, రెండు చుక్కలు ఎవరివి మాలతీ? ఇరవై ఏళ్ళుగా మా బాపువి! గుమ్మంలో నిలబడి నువ్వు వందసార్లు చూసిందే. చేయి దానంతట అదే గీసిందట! గీసి తిన్నగా మా బాపు మెడకు కట్టింది.

"గీ గుర్తు నాకు తెల్వదా? కనుకయ్యది!" అని అంకుశం ఉరికి పోయి సేటుకు చూపించాడు. సదానందం సేటు కథ మొత్తం చదివించుకుని విన్నాడు. మూసిన కిటికీలు ఎవరివో ఆయనకు వెంటనే తెలిసింది. ఆయన మన దిక్కు మనిషే. మనోడే కదా అని బాపు అక్కడ చేరాడు. "నా ఉప్పు తినుకుంట నా మీదనే కత రాపిస్తవా?" అని సేటు అందరి ముందు బాపు మీద అరిచాడట.

బాపు ఏమన్నాడో తెలుసా? "రాపిచ్చుడేంది సేట్, నేనే రాసిన" అన్నాడు.

బస్సు బోర్డు చదవలేని మనిషి! సేటు పకపకా నవ్వాడట. "పాళీలు మారే సోమారం దాక టైం ఇస్తున్న. రాసినోని పేరు చెప్పాలె, కాపీలన్ని తెచ్చి గేటు ముందట నీ చేతుల్తోని కాలవెట్టాలె. లేకపోతే సాంచలు ఇడిసిపో" అన్నాడు. అంటే పద్దెనిమిదో తారీఖు. బాపుకు యాభై ఆరు దాటాయి, చప్పుడుకు చెవులు సగం పోయాయి. ఇంకే కార్ఖానాలోనూ ఆయన్ను పెట్టుకోరు.

ఎందుకు ఒప్పుకున్నావని అడిగితే, "నువ్వు ఊకో బిడ్డా" అని కంచంలోకి చూస్తూ తిన్నాడు. అవ్వ చేతిలోంచి మూత జారి పడింది. రోజంతా అదే కార్ఖానాలో నూలు కండెలు చుట్టి అలసిందనుకున్నాను.

నాకు నీ మీద కోపంగా ఉంది. టపరీలో పెట్టినందుకు నా మీద అంతకన్నా ఎక్కువ ఉంది. కానీ ఒకటి చెబుతున్నాను. నా కంఠంలో ప్రాణం ఉండగా ఒక్క కాపీ కూడా కాలదు.

కళ


సిరిసిల్ల
మే 9

ప్రియమైన కళా,

నువ్వు రాయకపోయినా నేను రాస్తాను, ప్రియమైన కళా.

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి అన్నం సయించడం లేదు. అట్ట మీద ఉన్నది నా దస్తూరీ కాదు, నా పాపం అనిపిస్తోంది. ఇందులో ఇంకో కాగితం పెట్టాను. బొమ్మ నాదే, గుర్తు నేనే వేశాను, కనుకయ్య మామకు ఏ సంబంధమూ లేదు అని రాసి సంతకం చేశాను. తీసుకెళ్ళి సేటు ముఖం ముందు పెట్టు.

కాపీలు కాల్చమంటే కాల్చేయి. అవి కాగితాలే కదే! కావాలంటే యాభై కాపీలూ చేత్తోనే మళ్ళీ రాస్తాను. మామ సాంచలు పోతే మళ్ళీ వస్తాయా? ఆయన ముందు మన గ్రహాలు, గోపురాలు ఎంత?

ఇంకా నాకు ఒళ్ళు మండే సంగతి ఒకటుంది. ఆ కథ రాసిన మనిషి ఎక్కడ దాక్కున్నాడు? అంత ధైర్యంగా రాసి, చెవులు వినపడని మనిషి వీపు వెనక నక్కుతాడా? నర్సింగన్నే అయితే నా తరఫున రెండు వాయించు.

నా పెన్ను ట్రంకులో పెట్టి తాళం వేశాను. ఇక మీదట ఎవరి మెడకూ ఏమీ కట్టను.

క్షమించమని అడగడానికి కూడా ముఖం లేని
మాలతి


శాంతి నగర్
మే 19

ప్రియమైన, ప్రియమైన, ప్రియమైన మాలతీ,

పోయినసారి బాకీ కూడా తీర్చేశాను. ముందు ట్రంకు తాళం తీయి.

నిన్న గోదాముకు నాగా పెట్టి బాపు వెంట వెళ్ళాను. మిగిలిన కాపీలన్నీ సంచీలో ఉన్నాయి, కాల్చడానికి కాదు. బాపును బయటికి పంపితే గేటు దగ్గర నిలబడి అందరికీ తలా ఒకటి పంచుదామని. నీ సంతకం కాగితం జాకెట్లో దోపుకున్నాను. దాని అవసరమే రాలేదు.

లోపల అంకుశం మడతబల్ల దగ్గర నెత్తి పట్టుకుని కూర్చున్నాడు. ముందున్న బట్ట మొత్తం మీద, ఏ తాన్ విప్పినా, అంచున త్రికోణం, రెండు చుక్కలు! పగటి పాళీది అదే, రాత్రి పాళీది అదే. నర్సింగన్న సాంచల మీద అదే, మిగతా అందరి సాంచల మీదా అదే. ఎవరు ఎంత నేశారో, ఏ తప్పు ఎవరిదో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. మూడు రోజుల నుంచి ఇదే వరుసట. అంతకు ముందు చాయ్ వేళ నర్సింగన్న టపరీలో కూర్చుని సాంచల వాళ్ళకు 'గాలి కోత' చదివాడట. వాళ్ళు విన్నారు మాలతీ. విని, మన అంగారకుడిని తెచ్చి శాంతి నగర్‌లో పెట్టారు.

బాపుకు కూడా ముందు చెప్పలేదు. ఆయన ఒక్కొక్క అంచూ తడిమి చూసుకుంటూ ఏడ్చాడు. నేను కూడా ఏడ్చాను, దాచడమెందుకు.

సేటు వచ్చి మెయిన్ స్విచ్ తీయించాడు. సాంచలన్నీ ఆగాయి. "ఎవడు నేర్పిండు ఇది? ఆ కత రాసినోడు ఎవడు? మొగోడైతే ముందటికి రమ్మను!" అని గర్జించాడు.

కండెలు చుట్టే గదిలోంచి అవ్వ వచ్చింది. జుట్టు నిండా దూది. కొంగు నడుముకు చెక్కుకుని సేటు ఎదురుగా నిలబడింది.

"మొగోడు కాదు సేట్, నేను రాసిన."

"నువ్వా? నీకు రాతొస్తదా?"

"మా ఊళ్ళె అయిదు దాక సదివిన. నన్ను ఎవ్వలు అడగలే, నేను చెప్పలే. నా మొగడు నన్ను దాయనీకి తన మీద ఏసుకున్నడు. ఇన్ని దినాలు నేను నోరు మూసుకున్నది తప్పే. ఇగ మూసుకోను. ఆ కత ఇంక ఒడువలే. రెండో భాగం ఉన్నది. కిటికీలు తెరుస్తవా, లేకపోతె అది గూడ రాయాల్నా?"

ఒక్కసారి నవ్వు లేచింది. అంకుశం కూడా మూతి తుడుచుకుంటున్నట్టు నవ్వాడు. సేటు మాలో ఎవరి ముఖమూ చూడలేదు. బట్ట కోసం వ్యాపారి టెంపో బయట హారన్ కొడుతోంది, ఆగిన సాంచలతో ఆ సరుకు తెమలదు. "తెరువుండ్రి, తెరువుండ్రి! పోగులు తెగితె నన్ను అడుగకుండ్రి" అని స్విచ్ వేయించి వెళ్ళిపోయాడు. నాలుగు కిటికీల్లో రెండు తెరిచారు. మిగతా రెండూ తుప్పు పట్టి రాలేదు, ఇవాళ నర్సింగన్న సుత్తె పట్టుకుని వాటి పనే చూస్తున్నాడు. బాపు తన సాంచల దగ్గరే ఉన్నాడు.

నేనెంత మొద్దునో చూడు. కోన్ల కాగితాలు కండెల గదిలో కాక ఇంకెక్కడ ఉంటాయి? నా టిఫిన్ కట్టేదెవరు? పొయ్యి దగ్గర నుంచి నా చదువును దిద్దుతుంటే, ఈమెకు చదువెలా వచ్చిందని ఒక్కసారైనా అడగలేదు. కొత్త గ్రహాల మీద ఎవరున్నారో వెతికే ఎడిటర్‌ను, ఇంట్లో మనిషిని చూడలేదు. నువ్వు తిట్టిన తిట్లన్నీ అవ్వకు చదివి వినిపించాను. "పోరి మంచిగ తిట్టింది, నిజమే గద" అంది.

రెండో భాగం ఇందులో పెట్టాను. రాయనని అవ్వ సేటుకు మాటివ్వలేదు. మారుపేరు ఏదైనా వేయమంటావా అని అడిగాను.

"ఇరవై ఏండ్ల సంది కండెలు చుడుతున్న. బట్ట మీద మీ బాపు గుర్తున్నది, నర్సింగ్ గుర్తున్నది. నా గుర్తు ఏడున్నదే? నా పేరే ఎయ్యి. పెద్దగ ఎయ్యి" అంది.

అందుకని ఐదో సంచిక అట్ట మీద ఏ బొమ్మా వద్దు మాలతీ. 'వెంకవ్వ' అని రాయి. టపరీలో పెడితే కార్ఖానా గేటు లోపలికి కనిపించాలి, అంత పెద్దగా రాయి.

నీ ఎడిటర్,
వెంకవ్వ బిడ్డ కళ