రామ్‌కలీ ఖుర్పీ

జనవరి 11, శనివారం

వీణని చూడ్డానికి ఫరీదాబాద్ వెళ్ళొచ్చాను. మండీ హౌస్‌లో మెట్రో మారి, దిగాక ఆటో ఎక్కి, సందులన్నీ వెతుక్కుంటూ. తీరా వీణ కమ్మరి షెడ్డు ముందుకి వచ్చాక లోపలికి అడుగు పడలేదు. బొగ్గు వాసన.

ఐదేళ్ళ క్రితం ఈ అమ్మాయి మా బర్న్స్ వార్డులో పేషెంట్. ఇదే షెడ్డులో గ్యాస్ లీకై అంటుకుంది. రెండు చేతులూ మోచేతుల దాకా కాలిపోయాయి. డ్రెస్సింగ్ మార్చింది నేనే. ఆ వేళ్ళు ఇక పూర్తిగా ముడుచుకోవని, చెంచా పట్టుకుంటే అదే గొప్పని అనుకున్నాం. ఇవాళ అవే చేతులతో ఎర్రగా కాలిన కడ్డీని దాగలి మీద పెట్టి, సుత్తితో కొట్టి కొట్టి ఆకులా సాగదీసింది. సుత్తి పిడి మామూలు కన్నా లావు. తన పిడికిలి ఎంతవరకు ముడుచుకుంటుందో అంత లావున తనే చెక్కుకుందట.

నాకు నేర్పిస్తావా అని అడిగాను. నోరు జారి అడిగినట్టే. మీకెందుకు ఆంటీ అంది. ఇరవై ఏళ్ళుగా నిప్పు పాడు చేసినవే చూస్తున్నాను, నిప్పుతో బాగుపడేది ఒకటైనా చూడాలనుంది అన్నాను. ఠీక్ హై, వచ్చే శనివారం కాటన్ బట్టలతో రండి, నైలాన్ బిల్‌కుల్ వద్దు అంది.

జనవరి 18

కొలిమి ముట్టించలేకపోయాను. వీణ ముట్టించింది.

జనవరి 25

రేపు పరేడ్. మెట్రోలో చెకింగే చెకింగ్. ఆలస్యంగా వెళ్ళాను.

ఒక కొక్కెం చేశాను. వంకరగా ఉంది, అయినా కొక్కెమే. సుత్తిని అంత కసిగా కొట్టకండి, ఎత్తడం వరకే మీ పని, పడడం దాని పని అని వీణ చెప్పింది. తను కొడుతుంటే చప్పుడు ఒకే లయలో వస్తుంది. నేను కొడితే ఎవరో తలుపు బాదుతున్నట్టు ఉంటుంది.

మా ఆయన యేసుకుమార్ నా భుజానికి బామ్ రాస్తూ, ఈ వయసులో ఏమిటే ఇది అన్నాడు. తర్వాత కొక్కేన్ని అటూ ఇటూ తిప్పి చూసి, గుమ్మం పక్కన గోడకి బిగించాడు.

ఫిబ్రవరి 8

కడ్డీ ఎక్కువ కాలింది. తీస్తే కాకరపువ్వొత్తిలా రవ్వలు. కంగారులో రెండు దెబ్బలు వేశాను, పెచ్చు ఎగిరి మణికట్టు మీద పడింది. పరుగెత్తి చేతిని నల్లా కింద పెట్టాను. జనానికి ఎన్నిసార్లు చెప్పి ఉంటానో, చల్లనీళ్ళు, చల్లనీళ్ళు అని. చిన్న పొక్కే. వీణ పట్టుకుని చూసింది. ఆ వంకర వేళ్ళు ఎంత మెత్తగా తాకాయో. నేను ఆమెకి కట్టు కట్టినప్పుడు ఇంత మెత్తగా కట్టానా అనిపించింది.

మంట మీద కోపం రాలేదా అని అడిగాను. వచ్చిందట. ఆర్నెల్లు ఇంట్లో స్టవ్ కూడా వెలిగించలేదట. కానీ ఆంటీ, ఔర్ కుఛ్ ఆతా హీ నహీఁ, ఈ పని ఒక్కటే నాకు బాగా వచ్చు అంది. అంతే కారణం. ఇంకేదో పెద్ద మాట చెబుతుందనుకున్నాను. ఇదే నచ్చింది.

ఫిబ్రవరి 12, బుధవారం

ఓపీడీకి రామ్‌కలీ వచ్చింది. వైశాలిలో మా ఇంటి దగ్గర పార్కులో మాలీ. కిందటేడు చలిమంట దగ్గర కొంగు అంటుకుని కుడి చెయ్యి కాలింది. సర్జరీ బాగానే అయింది గానీ వేళ్ళు సగంలోనే ఆగిపోతాయి. కలుపు తీసే చిన్న పార, ఖుర్పీ, పట్టుకుంటే జారిపోతోందట. కాంట్రాక్టరు హోలీ దాకా చూస్తానన్నాడట, ఆ తర్వాత వేరే మనిషిని పెట్టుకుంటాడు. ఏడవలేదు. చెయ్యిని కొంగులో దాచుకుని చెప్పింది. ఈ చెయ్యి చచ్చిపోయింది దీదీ అంది.

క్యాంటీన్ నుంచి చపాతీ పిండి ముద్ద తెప్పించి, పొడుగ్గా చేసి ఆ చేతిలో పెట్టాను. ఎంత గట్టిగా పట్టగలవో అంత పట్టు అన్నాను. ఆ అచ్చుని డబ్బాలో పెట్టి ఇంటికి తెచ్చాను. యేసుకుమార్ రొట్టె చేయబోయాడు.

ఫిబ్రవరి 15

ఇవాళ కొలిమి నేనే ముట్టించాను.

ఫిబ్రవరి 22

లారీ కమాను పట్టీ ముక్కతో ఖుర్పీ. పొద్దుటి నుంచి కొట్టి వంచి, అంచు పల్చన చేశాను. అద్దంలా వచ్చిందని మురిసిపోయి, వీణ ఫోన్‌లో ఉండగా, తొందరపడి నీళ్ళ బకెట్లో ముంచాను. టిక్ మంది. అంత చిన్న చప్పుడు. మధ్యకి పగిలింది.

ఈ ఉక్కుని నూనెలో చల్లార్చాలి. వీణ రెండుసార్లు చెప్పింది కూడా. తిడుతుందనుకున్నాను. పగిలిన చోట ఉక్కు లోపలి రేణువులు చూపించి, చూడండి, ఎంత సన్నగా ఉన్నాయో, వేడి సరిగ్గానే పట్టారు అంది. తప్పులోంచి ఒప్పు ఏరి చేతిలో పెట్టే మనిషి. నాకు అలాంటి హెడ్ నర్సు ఒక్కరూ దొరకలేదు.

మార్చి 1

రెండోది నిలిచింది. నూనెలోంచి తీసి ఆకురాయి వేస్తే జారిపోయింది. గట్టిపడిందన్నమాట. వీణ ఎండిన పిండి అచ్చు చూసి షీషమ్ కర్రతో పిడి చెక్కింది. చేతి వెనక నుంచి చుట్టుకునేలా ఇనుప పట్టీ నేను వంచాను, దానికి సైకిల్ ట్యూబు చుట్టాను. వీణ తన చేతిలో పట్టుకుని నేలని గీకి చూసింది. ఈ పట్టీ ఆలోచన నాకు తట్టలేదు ఆంటీ అంది.

మెట్రోలో ఖుర్పీ రానివ్వరేమోనని యేసుకుమార్ స్కూటర్ మీద వచ్చి తీసుకెళ్ళాడు.

మార్చి 5

రామ్‌కలీకి ఇచ్చాను. చెయ్యి పట్టీ లోపలికి దూర్చింది. అటునుంచి అటే పార్కులోకి వెళ్ళిపోయింది. బాగుందో లేదో తెలియలేదు. డ్యూటీకి వెళ్ళాను గానీ మనసు లేదు.

మార్చి 12

రామ్‌కలీ ఫోన్. ఖుర్పీ బరువట. ఎడమకి లాగుతోందట. గులాబీ మళ్ళు ఇంకా సగం మిగిలాయి, హోలీ తర్వాత గడ్డి కూడా వేయమన్నాడు కాంట్రాక్టరు, ఇలాంటి మొద్దు ఖుర్పీతో పని ఎప్పటికి తెమిలేది, ఇంకోటి తేలిగ్గా చేసి పెట్టు అని దబాయించింది. సరే అన్నాను.

చచ్చిపోయిందన్న చెయ్యి మాట ఎత్తనే లేదు.