కాలువ కోసం నోటికి తాళం

మార్చి 1, ఉదయం 6.15

ఈ రోజు నుంచి బడ్జెట్ సమావేశం దాకా వెటకారం బంద్. ఇరవై నాలుగు రోజులు. ముప్ఫై ఆరేళ్లు పరాయి పిల్లలకి భూగోళం నేర్పినదాన్ని, సొంత నాలుకకి మర్యాద నేర్పలేనా.

కారణం రాసి పెట్టుకుంటున్నాను, మధ్యలో మనసు మారితే చదువుకోవడానికి. నేను మున్సిపల్ కౌన్సిల్లో మా వార్డు మెంబర్ని. మా వీధి పల్లంలో ఉంది. వాన పడితే ఊళ్లో నీళ్లన్నీ మా వీధికి చుట్టపుచూపుగా వస్తాయి. చుట్టాల్లాగే ఒక పట్టాన వెళ్లవు. ఎదురింటి టైలరమ్మ కొట్టు గుమ్మం వీధి కంటే దిగువన ఉంటుంది. కిందటేడు ఆమె మిషను మోటారు కాలిపోయింది, జనం కుట్టమని ఇచ్చిన గుడ్డలు బురదలో కలిశాయి. "ఇంకొక్క వానాకాలం ఇలాగే అయితే కొట్టు మూసేసి మా చెల్లెలి పంచన చేరతానమ్మా" అంది. ఆమె కొలతల్లోనూ మాటల్లోనూ ఒక్క అంగుళం ఎక్కువ వేయదు.

కిందటేడు కాలువ అడిగాను. "వానలే తగ్గిపోతున్నాయి, కాలువెందుకండీ?" అన్నాడు చైర్మన్. నా దగ్గర ఎనిమిదో తరగతి చదివినవాడే. "పటం తలకిందులుగా పట్టుకునేవాడివి నాయనా, నీకు వాన ఎటు పడుతుందో ఎలా తెలుస్తుందిలే" అన్నాను. సభంతా నవ్వింది. చైర్మన్ నవ్వలేదు. ఎర్ర పెన్సిలు తీసి కాలువని కొట్టేశాడు.

ఒక మాట, ఒక కాలువ. అంత ఖరీదైన మాట నేను జన్మలో అనలేదు.

ఈ ఏడు బడ్జెట్లో కొత్త పద్దు వచ్చింది: 'వాతావరణ మార్పు, మన స్పందన'. దాని కింద ఉన్న డబ్బు ఒక్క పనికే సరిపోతుంది. "అందులో కాలువ రాశానమ్మా," అన్నాడు హెడ్ గుమాస్తా. "మీరు నోరు మెదపకుండా ఉంటే చాలు. మెదిపితే మంచి మాటకే మెదపండి."

మనవరాలు వంటింటి క్యాలెండరుకి దారంతో ఎర్ర పెన్ను కట్టింది. ఒక వెటకారానికి ఒక గీత. "ఇంకు సరిపోతుందంటావా నానమ్మా?" అంది. ఎవరి పోలికో ఏమిటో.

మార్చి 2, ఉదయం 7.00

ఎప్పుడు పడితే అప్పుడు వాడుకోవడానికి మంచి మాటలు తయారు చేసుకున్నాను:
1. చాలా బాగుంది.
2. ఆలోచించాల్సిన విషయమే.
3. మీ ఓపికని మెచ్చుకోవాలి.

మూడోది మనవరాలు కొట్టేసింది. నేను అంటుంటే తిట్టులా వినిపిస్తోందట.

గీతలు: సున్నా.

మార్చి 3, రాత్రి 8.30

కోడలు చేసిన చారులో ఉప్పు లేదు. "చాలా బాగుంది" అన్నాను. కోడలు గరిటె కింద పెట్టి నా నుదురు తడిమి చూసింది. "అత్తయ్యా, ఒంట్లో నలతగా ఉందా?" బీపీ మిషను తెచ్చారు. మామూలుగానే ఉంది. అబ్బాయి మాత్రం రేపొకసారి డాక్టరుకి చూపిద్దామన్నాడు.

మంచిగా ఉండడం ఈ ఇంట్లో రోగలక్షణం.

మార్చి 5, సాయంత్రం 5.00

మొదటి సమావేశం. నేను గెలిచాను. నన్ను నేను గెలిచాను.

మీటింగు హాలు అదే. ఫ్యాను తిరగదు, మూలుగుతుంది. నా కుడి పక్కన మా కునుకు మెంబరు. పదిహేనేళ్లుగా కౌన్సిల్లో ఉన్నాడు, అందులో పన్నెండేళ్లు నిద్రలో. చైర్మన్ కొత్త పద్దు కింది ప్రతిపాదనలు చదివాడు.

మొదటిది: ఎండలు పెరిగిపోయిన కారణంగా మీటింగు హాలుకి ఏసీ. "చెమటలు కారుతుంటే మంచి నిర్ణయాలు ఎలా వస్తాయండీ?" అని నా వైపు చూశాడు. నోట్లోకి మూడు జవాబులు వచ్చాయి. మూడూ ఆణిముత్యాలు. మూడూ మింగేశాను.

"చాలా బాగుంది" అన్నాను.

చైర్మన్ కుర్చీలో సర్దుకున్నాడు. కునుకు మెంబరు తల ముందుకి వాలింది. గుమాస్తా ఏదో రాసుకున్నాడు.

రెండోది: మా వీధి కాలువ. "దీని మీద ఎవరైనా మాట్లాడతారా?" అన్నాడు చైర్మన్. నోరు మెదపవద్దన్నారు కదా. చేతులు ఒళ్లో పెట్టుకుని, బడి పిల్లలా కూర్చున్నాను. చైర్మన్ తరవాతి కాగితం తిప్పాడు.

నా సొంత కాలువ గురించి కూడా నోరెత్తలేదు. ఇంత నిగ్రహం నాకెక్కడిది!

మార్చి 9, మధ్యాహ్నం 2.10

నాలుగు గీతలు. అయితే వీటిలో కొన్ని అన్యాయంగా పడ్డవి. నియమావళిలో సవరణలు:

టీవీలో వాతావరణం చెప్పే ఆమెని అన్నది లెక్కలోకి రాదు. ఆమెకి వినపడదు.
నన్ను నేను అనుకున్నది లెక్కలోకి రాదు.
నిజం వెటకారం కాదు. మా ఆయన పద్యం పాడుతుంటే కుక్క లేచి వెళ్లిపోయిందని చెప్పాను. కుక్క నిజంగానే వెళ్లిపోయింది.

"నిజమే నానమ్మా, కానీ కుక్కకి అభిరుచి ఉందని కూడా అన్నావుగా" అని మనవరాలు గీత గీసేసింది.

మార్చి 15, సాయంత్రం 4.20

వాన. నేను పుట్టి బుద్ధెరిగాక మార్చి నెలలో ఇలాంటి వాన చూడలేదు. అరగంట పడింది అంతే. వీధి ఏరయింది.

5.05. టైలరమ్మ మిషను కింద మూడు ఇటుకలుండేవి, ఐదు చేసింది. నేను చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని చీపురుతో నీళ్లు తోశాను. నేను తోసినన్ని నీళ్లూ వెనక్కి వచ్చాయి.

"చాలా బాగుందమ్మా మీ కౌన్సిలు" అంది టైలరమ్మ, నడుం పట్టుకుని నిలబడుతూ. నా మాట నాకే తగిలింది.

"ఈసారి కాలువ వస్తుంది. నేను నోరు కట్టుకున్నాను" అన్నాను.

"నోరు కట్టుకుంటే కాలువ ఎలా వస్తుందమ్మా?"

చదువుకోని మనిషి, ఆమెకి పరిపాలన తెలియదు అనుకున్నాను.

మార్చి 19, ఉదయం 11.00

బడ్జెట్ ముసాయిదా వచ్చింది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను.

'వాతావరణ మార్పు, మన స్పందన. మీటింగు హాలుకి ఏసీ. ప్రతిపాదించినవారు: మూడో వార్డు మెంబరు.'

మూడో వార్డు మెంబరంటే నేను. బలపరిచినది కునుకు మెంబరు. కాలువ ఎక్కడా లేదు.

11.10. గుమాస్తాకి ఫోను.

"అదేమిటయ్యా, ఏసీ నేనెప్పుడు ప్రతిపాదించాను?"

"చైర్మన్ గారు తనంతట తాను ప్రతిపాదించకూడదు కదమ్మా. ఎవరో ఒకరి పేరు రాయాలి. మన దగ్గర మొదట బాగుందన్నవారి పేరు రాయడం ఆనవాయితీ. తల ఊపినవారు బలపరిచినట్టు."

"ఆయన ఊపలేదు. తూలాడు."

"ఏదైనా కదిలింది కదమ్మా."

"మరి కాలువ?"

"ఎవరూ మాట్లాడని అంశం దానంతటదే పోతుంది. మీరు మాట్లాడతారనుకున్నాను."

"మెదపొద్దన్నది నువ్వు కాదుటయ్యా?"

"మంచి మాటకి మెదపమన్నాను కదమ్మా. ఏసీకి మెదిపారు. కాలువకి మెదపలేదు."

ఆ తరవాత నేనన్నవి ఇక్కడ రాయను. మనవరాలు ఏడు గీతలు గీసి, చెయ్యి నొప్పి పుట్టి ఆపింది.

మార్చి 20, ఉదయం 10.05

ముసాయిదాని ఆఫీసు బయట నోటీసు బోర్డుకి అంటించారట. టైలరమ్మ వచ్చింది. నేను జాకెట్టుకిచ్చిన గుడ్డ, మడత విప్పకుండా నా చేతిలో పెట్టింది.

"కొత్త పనులు ఒప్పుకోవడం లేదమ్మా. వానాకాలం లోపల సామాను సర్దేసుకోవాలి." గుమ్మం దిగుతూ వెనక్కి తిరిగింది. "ఏసీ హాల్లో చలేస్తుందేమో. ఆ గుడ్డ పొడుగు చేతులకి సరిపోతుంది, కుట్టించుకోండి."

ఇంత పదునైన మాట నేను ముప్ఫై ఆరేళ్ల సర్వీసులో అనలేదు. గుడ్డ ఒళ్లో పెట్టుకుని పది గంటల దాకా కూర్చున్నాను.

మార్చి 22, మధ్యాహ్నం 3.00

నిబంధనల పుస్తకం మొత్తం చదివాను. మొత్తం చదివిన మొదటి మెంబర్ని నేనే అయి ఉంటాను, కాగితాలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. నలభై రెండో పేజీ: ప్రతిపాదించినవారు ఓటుకి ముందు తమ ప్రతిపాదనని మార్చుకోవచ్చు. మార్పుని ఒక మెంబరు బలపరచాలి.

ప్రతిపాదించినవారు. అంటే నేనే.

బలపరిచేదెవరు? చైర్మన్ మొహం చూడకుండా చెయ్యెత్తే మెంబరు ఒక్కడూ లేడు. ఎల్లుండి మళ్లీ తియ్యగా మాట్లాడి, ఇద్దరు ముగ్గుర్ని మెత్తబరచాలి. రెండ్రోజులే కదా. నాలుకని పట్టుకోగలను.

మార్చి 24, రాత్రి 7.15

పట్టుకోలేకపోయాను.

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఏసీ అంశం వచ్చింది. లేచాను. "గౌరవ సభ్యులారా" అని తియ్యగానే మొదలుపెట్టాను. ఒకాయన ఫోను చూసుకుంటున్నాడు. కునుకు మెంబరు గుర్రు పెట్టాడు. చైర్మన్ "త్వరగా కానివ్వండి టీచరమ్మా, ఉక్కగా ఉంది" అన్నాడు.

అంతే. తాళం ఊడింది.

"ఎండకి విరుగుడు మనం పది మందిమి చల్లగా కూర్చోవడమైతే, వరదకి విరుగుడుగా మన పది మందికీ గొడుగులు కొనుక్కుందాం. కరువొస్తే మనం పది మందిమి మంచినీళ్లు తాగుదాం. ఊరికి మనం స్పందించినట్టే. ఏసీ గది లోపలి వేడిని తీసి వీధిలో పోస్తుంది చైర్మన్ గారూ. ఆ వీధిలోనే మనకి ఓట్లేసినవాళ్లు నడుస్తారు. ఏసీని ప్రతిపాదించినది నేనట. దాన్ని మార్చి కాలువ అంటున్నాను. బలపరిచేవాళ్లుంటే బలపరచండి, లేకపోతే మీ పేర్లు ఇటుకల మీద రాయించి టైలరమ్మ మిషను కింద పెడతాను."

గొంతు కాస్త పెద్దదైనట్టుంది. కునుకు మెంబరు ఉలిక్కిపడి లేచాడు.

"ఏమిటి, ఏసీనా? నాకు కీళ్లనొప్పులు. ఏసీ పడదు. ఆవిడ ఏదంటే అది బలపరుస్తున్నాను." పదిహేనేళ్లలో మెలకువగా ఆయన అన్న మొదటి మాట.

సభ నవ్వింది. చైర్మన్ నవ్వలేదు. చెవులు ఎర్రబడ్డాయి. కిందటేటి మొహమే అది. కాలువ మళ్లీ పోయింది అనుకున్నాను.

"చైర్మన్ గారూ," అన్నాను. "పటం తలకిందులని కిందటేడు నేనన్న మాట సభలో అనాల్సింది కాదు. తప్పు నాది. దానికి ఆ వీధిని శిక్షించకండి."

కాగితాల మీంచి తల ఎత్తకుండా, నాకు మాత్రమే చెబుతున్నట్టు అన్నాడు: "తలకిందులుగా పట్టుకున్నది నేను కాదు టీచరమ్మా. నా పక్కన కూర్చునేవాడు. చెవి మాత్రం నాదే మెలిపెట్టారు."

ఈ నెలలో నేను నిజంగా నోరు కట్టుకున్నది ఆ ఒక్క నిమిషమే.

చైర్మన్ ఎర్ర పెన్సిలు తీశాడు. ఈసారి కొట్టేసింది ఏసీని. చేతులన్నీ లేచాయి. హాల్లో గాలి ఆడడం లేదు, ఉక్క సంగతి ఎవరూ ఎత్తలేదు.

సాయంత్రం జాకెట్టు గుడ్డ తీసుకుని ఎదురింటికి వెళ్లాను. టైలరమ్మ గుడ్డ తీసుకుంది. ఇటుకలు తియ్యలేదు. "కాలువ కళ్లతో చూశాక తీస్తానమ్మా" అంది. టేపు నా భుజం మీద వేసి కొలుస్తూ, "చేతులు పొట్టివేగా?" అంది.

ఈ రోజు గీతలు: మనవరాలు లెక్కపెట్టలేదు. పెన్నులో ఇంకు అయిపోయింది.

ఏప్రిల్ 6, ఉదయం 6.00

కొత్త పెన్ను. కొత్త నియమం. కాలువ పని పూర్తయ్యేదాకా ఒక్క వెటకారం అనను. పనివాళ్లని అలగనిస్తే పని ఆగుతుంది. మనవరాలు "చాలా బాగుంది" అంది. ఆ మాట ఇంట్లో ఎవరూ వాడకూడదని చెప్పాను.

10.40. కాంట్రాక్టరు వచ్చాడు. టైలరమ్మ గుమ్మం ముందు నిలబడి కాలువ ప్లాను విప్పాడు. కిటికీలోంచి చూస్తున్నాను.

10.42. మళ్లీ చూశాను. ఈసారి మనిషి విషయంలో పొరపాటు పడకూడదని కళ్లద్దాలు మార్చి చూశాను. ప్లాను తలకిందులుగా పట్టుకున్నాడు. ఆ లెక్కన కాలువ ఊరి నీళ్లన్నీ తెచ్చి సరాసరి మిషను కింద పోస్తుంది. టైలరమ్మ ఇటుకల వైపు చూసుకుంటోంది.

10.43. పెన్ను మూత తీసి పెట్టుకోమని మనవరాలికి చెప్పి, చెప్పులేసుకున్నాను.