గుమ్మంలో బోర్లా పడుకున్న పిల్ల

నవంబర్ 3
వానకి అమ్మ ఇంటి గుమ్మం కుంగింది. తాపీమేస్త్రీ మెట్టురాయిని గునపంతో ఎత్తి, కింద చూసి, శిలువ గుర్తు వేసుకున్నాడు. రాతి అడుగువైపు చెక్కిన ఒక పిల్ల. ఏడెనిమిదేళ్ళుంటాయి. చేతిలో పావురం. పైన పేరొక్కటే: మెలిత్త. రెండువేల నాలుగువందల ఏళ్ళ నాటి గ్రీకు సమాధి రాయి. నలభై ఆరేళ్ళుగా దాని వీపు తొక్కుతూ బడికెళ్ళాను, యూనివర్సిటీకెళ్ళాను, ఇలాంటి రాళ్ళ మీదే డాక్టరేట్ తెచ్చుకున్నాను.

అమ్మ ఒక్క మాటే అంది: మూసెయ్యండి.

నవంబర్ 4
మూయలేదు. పురావస్తు శాఖ ఆఫీసరుగా రాయాల్సిన రిపోర్టూ రాయలేదు.

నవంబర్ 6, ఉదయం
పక్కింటి సోతిరిస్ కంచె దగ్గర నిలబడి, ఏమమ్మా ఆఫీసరమ్మా, మా తొట్టికి పట్టిన జబ్బు మీ గుమ్మానికీ పట్టిందటగా, అన్నాడు. మేస్త్రీ నోరు ఆగలేదన్నమాట.

సోతిరిస్ గొర్రెలు నీళ్ళు తాగిన తొట్టి రోమన్ల కాలపు శవపేటిక. రెండేళ్ళ క్రితం రిపోర్టు రాసింది నేనే. నాకు తెలీదు తల్లీ, మా తాతల నాటిది, అని మొత్తుకున్నాడు. 'యజమానికి తెలిసే ఉండాలి' అని రాశాను. తెలిసీ దాచడం నేరం; ఆ వాక్యం వల్లే ఇంకా కోర్టు చుట్టూ తిరుగుతున్నాడు.

అదే రోజు, సాయంత్రం
అమ్మకు తెలుసు. నాన్న పొలం దున్నుతుంటే నాగలికి తగిలిందట. బోర్లా వేయించింది తనేనట. అప్పుడు నువ్వు కడుపులో ఉన్నావే అర్గిరో, పసిదాని ముఖం మీద ఎవరైనా కాలేస్తారా, అంది.

మరి ఏటా కొత్త సంవత్సరం నాడు ఇంటికి కలిసిరావాలని గుమ్మం మీద పగలగొట్టే దానిమ్మకాయ? అన్నాను.

ఇంటి కోసమనుకున్నావా, పిచ్చిదానా, అంది.

నవంబర్ 9
రాశాను. రిపోర్టులో, యజమానురాలికి ముందే తెలుసా అన్న గడిలో 'తెలియదు' అని నింపాను.  అంత తేలిగ్గా రాయగలిగినందుకు భయం వేసింది.

సంతకం పెట్టమంటే అమ్మ కళ్ళద్దాలు వెతుక్కుని మొత్తం చదివింది. నా మాట కొట్టేసి పక్కన రాసింది: తెలుసు. నేనే పెట్టించాను.

సోతిరిస్ తెలీదని మొత్తుకుంటే నమ్మలేదు, నేను తెలీదని అనకుండానే ఎలా నమ్మావే, అంది.

నవంబర్ 20
రాయిని మ్యూజియానికి తీసుకెళ్ళాం. స్టోర్‌రూమ్‌లో జాగా లేదు. ముఖం గోడవైపు తిప్పి ఆనించాం. అమ్మకు చెప్పలేదు.

డిసెంబర్ 12
అమ్మకు సమన్లు. విచారణ మార్చిలో.

సోతిరిస్ కేసులో నేను రాసిన వాక్యం ఊహేనని, నా దగ్గర ఆధారం లేదని కోర్టుకు ఉత్తరం పంపాను. ఆ సంగతి చెబుదామని అతనింటికి వెళితే తలుపు తీయలేదు. లోపల రేడియో మోగుతూనే ఉంది.

జనవరి 1
అమ్మ దానిమ్మకాయ సంచిలో వేసుకుని కారెక్కి కూర్చుంది. స్టోర్‌రూమ్ తాళాలు తెచ్చావా, అంది.

పిల్లను ఇటు తిప్పాం. స్టోర్‌రూమ్ నేల ఎర్రగా ఉంది. తుడవలేదు.