కెటిల్ మూల దేవదారు తోపు

ఐడహో రాష్ట్రం, పైన్ బెంచ్ ఊళ్ళో, గ్రేస్టోన్ జలాశయం గట్టున కాపురముంటున్న వెర్న్ హాస్కెట్ అనే నేను, డెబ్బై నాలుగేళ్ళ వయసులో, నా తదనంతరం నా ఆస్తి ఎవరికెలా చెందాలో నా చేత్తోనే రాసుకుంటున్న వీలునామా ఏమనగా: నా మతి స్థిరంగానే ఉంది. నన్నెవరూ బలవంతపెట్టలేదు, తాగి రాయడం లేదు. గుండె మాత్రం బాగాలేదు. క్రిస్మస్ చూస్తే అదృష్టమేనని డాక్టరమ్మ చెప్పింది. అక్షరాలు వంకర్లు పోతున్నది జబ్బు వల్ల కాదు, భయం వల్ల. దేనికి భయమో అయిదో అంశంలో రాస్తాను. అక్కడిదాకా వెళ్ళడానికి ధైర్యం కూడదీసుకోవాలి కాబట్టి ముందు చిన్నవి తేల్చేస్తాను.

1. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత మా పక్కింటి డెల్లా క్రౌచ్‌ది. ముప్పయ్యేళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషి, ఆమెతో వాదించి గెలిచినవాణ్ణి నేను చూడలేదు. ఆమె శ్రమకు ప్రతిఫలంగా నా డీప్ ఫ్రీజరు, అందులోని చేపలు, చేపలకు పొగబెట్టే పెట్టె ఆమెకే చెందాలి. డెల్లా, పై అరలోవి నిరుడు వేసవిలో ఊళ్ళోవాళ్ళు ఇచ్చినవి. నా జ్ఞాపకమంటూ దాచి పాడుచేయకు, తినెయ్.

2. నా మేనల్లుడు క్లైడ్‌కి పికప్ ట్రక్కు సర్వహక్కులతో చెందుతుంది. ట్రైలరు చెందదు. అయిదేళ్ళ కిందట ట్రైలరు అడిగి తీసుకెళ్ళి, వెనక లైట్లు రెండూ పగలగొట్టి తెచ్చి, "అవి ముందే పగిలున్నాయి మావయ్యా" అన్నాడు. పగిలిలేవు. ఆ మాట వీలునామాలో పడాలనే ఇన్నాళ్ళూ ఊరుకున్నాను.

3. నా నాలుగు గేలపు కర్రలు, ఎరతో పాటు కట్టే మెరుపు రేకుల డబ్బా మారిట్ లిండాల్‌కి. మారిట్, నా స్నేహితుడు ఓరిన్ కూతురు. ఆ కర్రలు ఎందుకంత మెత్తగా వంగుతాయో తనకి చెప్పక్కర్లేదు. కోకనీ అంటే సముద్రం మొహం చూడని సాల్మన్ చేప, దాని నోరు తడి కాగితం లాంటిది, బిరుసు కర్రతో లాగితే చిరిగి చేప పోతుంది. ఎర కూడా రాస్తున్నాను: తెల్ల మొక్కజొన్న గింజలు, ట్యూనా డబ్బాలోని నూనె, వెల్లుల్లి పొడి, రెండు రోజులు ఫ్రిజ్‌లో. సోంపు నూనె కలుపుతానని ఊరందరికీ చెప్పాను. ఎప్పుడూ కలపలేదు.

4. పద్దెనిమిది అడుగుల అల్యూమినియం పడవ ఎవరికీ ఇవ్వకూడదు, అమ్మకూడదు. ముక్కలు కోయించి తుక్కు కింద వేసెయ్యాలి. తొమ్మిదేళ్ళుగా అది షెడ్డు దాటలేదు, నేనూ నీళ్ళ మీదికి వెళ్ళలేదు. నడుం నొప్పి అని చెప్పుకుంటూ వచ్చాను. నా నడుం బాగానే ఉంది.

5. ఇప్పుడు అసలు సంగతి.

2010 జులై 22, గురువారం, ఓరిన్, నేను ఆ పడవలో జలాశయం వంపు ఒకదానికి, కెటిల్ మూలకి వెళ్ళాం. డ్యామ్ కట్టినప్పుడు లోయంతా చెట్లు కొట్టేశారు గానీ ఆ మూలలో దేవదారు తోపు ఒకటి అలాగే మునిగిపోయింది. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు. ఆ కొమ్మల చుట్టూ కోకనీలు గుంపులు కడతాయి కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

వేసవి ముదిరేకొద్దీ చేప చల్లటి నీటి కోసం లోతుకి పోతుంది. పడవ వెనక ఉక్కు తీగకి పది పౌండ్ల సీసపు గుండు కట్టి, గేలాన్ని ఆ లోతుకి దించి, మనిషి నడిచేంత మెల్లగా పడవ పోనిస్తాం. కానీ జులైలో డ్యామ్ వాళ్ళు నీళ్ళు వదులుతారు. మట్టం రోజుకి అడుగున్నర పడిపోతుంది, మునిగిన చెట్లు రోజుకి అడుగున్నర పైకొచ్చినట్టే. మొన్న భద్రమైన లోతు ఇవాళ కొమ్మల్లో ఉంటుంది. రోజూ పొద్దున్నే ఆ లెక్క తీసేది ఓరిన్. ఆ రోజు కూడా తీసి, "నలభై అడుగులు దాటించకు రా, నా మాట విను" అన్నాడు. నాకు నీళ్ళ అడుగు చూపించే యంత్రం తెర మీద యాభై అయిదు దగ్గర చేపలు కనిపించాయి. వాడు ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుంటుంటే దించేశాను.

గుండు కొమ్మల్లో ఇరుక్కుంది. సరిగ్గా అప్పుడే గాలి లేచింది. గాలి పడవని తోస్తుంది, తీగ వెనక్కి లాగుతుంది, వెనక అంచు వంగి అలలు లోపలికి పడుతున్నాయి. ఓరిన్ నన్నొక్క మాట కూడా తిట్టలేదు. తీగలు కోసే కత్తెర పట్టుకుని వెనక్కి వెళ్ళాడు. వాడి బరువుకి అంచు పూర్తిగా మునిగింది. తీగ తెగింది, పడవ పైకి లేచింది, వాడు లేడు. లైఫ్ జాకెట్లు రెండూ సీటు కిందే ఉన్నాయి. పేరు పెట్టి అరుస్తూ గంటసేపు తిరిగాను.

రేవు దగ్గర పోలీసు అధికారి వచ్చి "ఎక్కడ పడిపోయాడండీ?" అన్నాడు. శనివారం చేపల పోటీ, దానికోసం వచ్చిన జనం చుట్టూ మూగారు. మా ఊళ్ళో చేపలు ఎక్కడ పడ్డాయని అడిగితే నిజం చెప్పినవాణ్ణి వెర్రివాడంటారు. ఎవడడిగినా నేనిచ్చే జవాబు ఒకటుండేది. నోరు దానంతటదే అనేసింది: "పాత వంతెన స్తంభాల దగ్గర."

అది ఆరు మైళ్ళ అవతల. నాలుగు రోజులు అక్కడే వెతికారు. మొదటి రోజే నిజం చెప్పాల్సింది. రెండో రోజుకి సిగ్గేసింది, మూడో రోజుకి భయమేసింది. అంత చల్లటి లోతులో పడినవాళ్ళు పైకి తేలరు. ఓరిన్ ఇంకా కెటిల్ మూలలోనే ఉన్నాడు. మారిట్ ఏటా జులైలో వంతెన స్తంభాల దగ్గర పూలు వదులుతుంది. తొమ్మిదేళ్ళూ నేను గట్టున నిలబడి టోపీ తీశాను.

6. మొన్న మంగళవారం మారిట్ కొండ మీద కోసిన హకిల్‌బెర్రీ పళ్ళు ఒక గిన్నెడు పట్టుకుని వచ్చింది. మెట్ల మీద కూర్చుని గొంతు తగ్గించి చెప్పింది. "ఎవరితో అనకు బాబాయ్. కెటిల్ మూలలో కోకనీ దట్టంగా ఉంది, తెర మీద గోడ కట్టినట్టు కనిపిస్తోంది. శనివారం పోటీకి గేలం అక్కడే దించుతా."

దేవదారు కొమ్మలు తెర మీద చేపల గుంపుల్లాగే కనిపిస్తాయి. ఈ ఏడు ఎండలకి నీళ్ళు ఎన్నడూ లేనంత కిందికి పోయాయి. తను చూసిన గోడ చేపలది కాదేమో.

"అక్కడ చెట్లున్నాయమ్మా, పోకు" అన్నాను.

నవ్వింది. "చోటు దాచుకోడానికి ఇదొక ఎత్తా బాబాయ్? పడవెక్కి తొమ్మిదేళ్ళయింది, ఇంకా కక్కుర్తి పోలేదా నీకు? నాన్న పోయింది వంతెన దగ్గర. అక్కడైతే నేనూ గేలం వెయ్యను."

ఒట్టు పెట్టినా నమ్మలేదు. జీవితమంతా చోట్ల గురించి అబద్ధాలు చెప్పినవాడి నిజానికి అంతే విలువ. ఓరిన్ అక్కడ ఉన్నాడని చెప్తే తప్ప చెట్లున్నాయంటే నమ్మదు. ఆ ఒక్క ముక్క నేను చెప్పలేదు. "మధ్యాహ్నానికల్లా గాలి లేస్తుంది, ముందే వచ్చెయ్" అని మాత్రం అన్నాను.

అప్పట్నుంచీ నాకు నిద్ర లేదు. కళ్ళు మూస్తే తీగ బిగుసుకున్న చప్పుడు వినిపిస్తోంది. ఈసారి వెనక అంచు దగ్గరున్నది ఓరిన్ కాదు.

7. ఇంతవరకూ రాశాక నా తెలివికి నాకే అసహ్యమేసింది. వీలునామా తెరిచేది నేను పోయాక. శనివారం ఎల్లుండి. నిజం రాశానన్న తృప్తీ దక్కాలి, ఆ పిల్ల మొహం చూసే పనీ తప్పాలి, అదీ నా ఎత్తు. ఇది మొదటి అబద్ధం కన్నా నీచం.

కాబట్టి డెల్లాకి, మారిట్‌కి ఫోన్ చేశాను. సాక్షి సంతకాలు కావాలి, సాయంత్రం నాలుగింటికి రండి అన్నాను. సాక్షులు కాగితం చదవాలని చట్టం లేదట. మారిట్ చేత మాత్రం ప్రతి పేజీ చదివించాకే నేను సంతకం పెడతాను. ఆస్తి పుచ్చుకునేవాళ్ళు సాక్షిగా ఉండకూడదని ఎవరైనా పేచీ పెడితే మూడో అంశం కొట్టేయండి. ఆ కర్రలు ఆమె తీసుకుంటుందని నేను అనుకోవడం లేదు.

నాలుగవుతోంది. వీధిలో బండి ఆగింది. నన్ను కొట్టినా, పోలీసులకి చెప్పినా నాకు సమ్మతమే. నా భయమల్లా ఒకటే: ఇది కూడా ఎత్తేననుకుని చదవకుండా నవ్వేస్తుందేమోనని.

2019 ఆగస్టు 8, గురువారం, పైన్ బెంచ్.

(సంతకం) వెర్న్ హాస్కెట్

సాక్షులు:

డెల్లా క్రౌచ్. నా ఎదుటే సంతకం చేశాడు. స్పృహలోనే ఉన్నాడు.

మారిట్ లిండాల్. అన్ని పేజీలూ రెండుసార్లు చదివాను. నా ఎదుటే సంతకం చేశారు. శనివారం నా పడవ కెటిల్ మూలకే వెళుతుంది, గేలాలూ గుండ్లూ ఒడ్డున వదిలేసి. వెర్న్ గారు ముందు సీట్లో కూర్చుని చోటు చూపించాలి.